నడిమింటి దయ్యం: మా తరగుపేట ఇంటి కథ

ఈసారి పిల్లల కోసం రాస్తా ఉన్నాం. తెలుగు అక్షరాలు రాని పిల్లలకి ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వినిపించండి. మేము బడిలో చదివింది కన్నడ మీడియం, తెలుగు రాత పెద్దయినాక నేర్చుకున్నాం. అక్కడక్కడ కన్నడం దొర్లితే సర్దుకోండి.

మా పెద్దల ఇల్లు బెంగళూరు పేటలో, తరగుపేటలో ఉండేది. ధాన్యం వ్యాపారానికి పేరుపడిన చోటు అది. హిందూపురం దిక్కునుంచి వచ్చిన మావాళ్ళు అక్కడ రాగులు, కందులు అమ్మినారు. వీధి వైపు అంగడి, దాని వెనక పడసాల, చివర్లో వంటిల్లు. పడసాలకీ వంటింటికీ మధ్యలో కిటికీ లేని ఒక చీకటి గది. దాన్ని నడిమిల్లు అనేవాళ్ళం. దయ్యం ఉండేది అందులోనే.

దయ్యం ఉందనేదానికి మా దగ్గర మూడు సాక్ష్యాలు ఉండేవి. ఒకటి, ఎంతమంది చుట్టాలొచ్చినా ఆ గదిలో ఎవరినీ పండుకోనిచ్చేవాళ్ళు కాదు. రెండు, మధ్యాహ్నం పూట ఆ గది గోడ మీద గుండ్రంగా ఒక వెలుగు మచ్చ పుట్టి మెల్లగా పాకేది. పున్నమి రాత్రి కూడా వచ్చేది. దాన్ని దయ్యం కన్ను అనేవాళ్ళం. మూడు, మహాలయ అమావాస్యకి పెద్దలకి ఎడె పెట్టేటప్పుడు అందరి ఆకులూ పడసాలలో వేసి, ఒక్క ఆకు మాత్రం నడిమింటి గడప ముందర వేసేవాళ్ళు. ఎవరికని అడిగితే "నీకెందుకు, పో" అనేవాళ్ళు.

దీనికి తోడు 1990లలో ఊరంతా 'నాళె బా' భయం. రాత్రిపూట ఒక దయ్యం తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే చచ్చిపోతారని అనేవాళ్ళు. అందుకే తలుపుల మీద 'నాళె బా' అని రాసేవాళ్ళు. దయ్యం వచ్చి, చదువుకుని, రేపు వద్దామని పోవాల! ఆంధ్రాలో మా చుట్టాల ఊళ్ళలో ఇదే మాట 'ఓ స్త్రీ రేపు రా' అని గోడలెక్కింది. మేము సుద్దముక్కతో నడిమింటి తలుపు మీద కూడా రాసినాం. అది చూసి మా జేజికి కండ్లనీళ్ళు వచ్చినాయి. ఎందుకో మాకు అర్థం కాలేదు.

పోయినేడు ఇల్లు అమ్మేదానికి ముందు సామాన్లు సర్దేదానికి పోయినాం. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు ఎక్కడో ఉందంటే ఒప్పుకోరు, ఏం చేస్తే అది వస్తుందో చూపించాల. అట్లే నిచ్చెన వేసి నడిమింటి అటక ఎక్కినాం. పైకప్పులో ఒకచోట మంగళూరు హెంచు బదులు గాజు హెంచు ఉంది. దాని కింద అటక పలకలో ఒక కంత. గాజు మీద చెయ్యి అడ్డం పెడితే గోడ మీది కన్ను మూసుకుంది. తీస్తే తెరుచుకుంది. రెండో సాక్ష్యం అంతటితో తేలిపోయింది. కానీ కిటికీ లేని గదికి, అటక పైన, ఎవరికీ కనపడని చోట గాజు హెంచు ఎందుకు?

జేజికి ఇప్పుడు ఎనభై దాటింది. "దయ్యమూ లేదు గియ్యమూ లేదప్పా. అది ప్లేగు కాలం మాట" అని మొదలుపెట్టింది. ఆ కాలంలో పదేండ్ల పిల్లగా ఉన్న వాళ్ళవ్వ చెప్పిన సంగతి అది.

ప్లేగు 1896లో బొంబాయిలో మొదలైంది. 1898 ఆగస్టులో రైలుదారిన హుబ్బళ్ళి వైపునుంచి బెంగళూరు చేరింది. అప్పటికి బెంగళూరు రెండు ఊళ్ళు. పేట మైసూరు సంస్థానానిది, దండు ఇంగ్లీషువాళ్ళది. జబ్బుకి ఆ తేడా తెలియదు. ముందు ఎలుకలు రాలేవి. తరవాత మనుషులకి జ్వరం, చంకలో గజ్జల్లో గడ్డలు. ఎలుక మీది మిణ్ణల్లాంటి పురుగులే జబ్బుని మోస్తాయని పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు కరాచీలో కనిపెట్టింది కూడా 1898లోనే. ఆ మాట లోకం నమ్మేదానికి ఇంకా కొన్నేండ్లు పట్టింది. ధాన్యం మూటలున్న చోట ఎలుకలకేం కొదవ? మా అంగడి నిండా మూటలే.

1897లో వచ్చిన అంటురోగాల చట్టంతో అధికారులకి చాలా బలం ఉండేది. జబ్బు వచ్చిన ఇండ్లు ఖాళీ చేయించి, జనాన్ని ఊరిబయట గుడిసెలకి పంపేవాళ్ళు. గోడలకి సున్నం కొట్టి, ఎండ తగిలితే విషం పోతుందని పైకప్పు హెంచు తీయించేవాళ్ళు. బొంబాయిలో అయితే ఉండరాని ఇండ్ల మీద 'యు.హెచ్.హెచ్.' అని అక్షరాలు రాసేవాళ్ళు. అంటే మనుషుల నివాసానికి పనికిరాదని. తలుపు మీద రాత చూసి ఆ రోజుల్లో మనుషులే వెనక్కి పోయేవాళ్ళు.

జబ్బుపడినవాళ్ళని ప్లేగు ఆస్పత్రికి తీసుకుపోతారు, పోయినవాళ్ళు తిరిగి రారు అని జనానికి భయం. అందుకే చాలామంది దాచిపెట్టేవాళ్ళు. మా ఇంట్లో పెద్దకోడలి మూడేండ్ల బిడ్డకి జ్వరం వచ్చింది. అందరూ గుడిసెలకి పోతా ఉంటే ఆమె బిడ్డని నడిమింట్లో పెట్టుకుని ఉండిపోయింది. కిటికీ లేని గది కాబట్టి ఏడుపు బయటికి వినపడదని. మావాళ్ళు బయటనుంచి తాళం వేసి పోయినారు. ఆమే వెయ్యమనిందో, వీళ్ళే వేసినారో, జేజి అది చెప్పలేదు. మేము రెండుసార్లు అడిగినాం.

తిరిగొచ్చేసరికి పైకప్పు తెరిచి ఉంది. నడిమింట్లో ఎవరూ లేరు. సర్కారువాళ్ళు ఇద్దరినీ తీసుకుపోయి దహనం చేసినారని పక్కింటివాళ్ళు చెప్పినారు. కప్పు మళ్ళీ వేయించేటప్పుడు వాళ్ళత్త ఒక్క హెంచు మాత్రం వేయనియ్యలేదంట. "పిల్లోడు చీకట్లో ఉన్నాడు, వెలుగు రానీ" అనిందంట. వానకి కింద గిన్నె పెట్టుకున్నారే గానీ ఆ సందు మూయలేదు. మంగళూరు హెంచు వేసినప్పుడు అక్కడ గాజుది పెట్టినారు. అటక ఆ తరవాత కట్టింది. పలకకి కంత పెట్టించింది మా జేజే.

ప్లేగు తరవాత బెంగళూరు మారింది. ఇరుకు పేట విడిచి బసవనగుడి, మల్లేశ్వరం వెడల్పు వీధులకి చాలామంది పోయినారు. ప్లేగు మారమ్మ పేరుతో గుళ్ళు వెలిసినాయి. మావాళ్ళు పేటలోనే ఉండిపోయినారు. ఆమె గురించి మాట్లాడేది మానేసినారు. భయం మిగిలింది, కారణం పోయింది. రెండు తరాలకి బిడ్డని కాచుకున్న తల్లి, మా పాలిట దయ్యమై కూర్చుంది. ఆమె ఇంటి తలుపు మీదే మేము 'రేపు రా' అని రాసినాం.

మా వంశవృక్షంలో ఆ పెద్దకొడుకు పక్కన రెండో భార్య పేరే ఉంది. మొదటామెని ఇంట్లో 'పెద్దకోడలు' అనే పిలిచేవాళ్ళంట. ఇప్పుడు అక్కడ 'పెద్దకోడలు, బిడ్డ, 1898' అని చేర్చినాం.

ఇల్లు పడగొట్టినారు. గాజు హెంచు ఒకటి తెచ్చుకున్నాం. ఈ మహాలయ అమావాస్యకి ఆమె ఆకు గడప దగ్గర కాదు, అందరితోపాటు వరసలో వేసినాం. పక్కన ఒక చిన్నాకు కూడా. దాంట్లో పాయసం మా పిల్లలే వడ్డించినారు. మీ ఇంట్లో కూడా ఎవరూ పండుకోని గది, ఎవరికో తెలియని ఆకు ఉంటే, అవ్వలు ఉన్నప్పుడే అడగండి.