చెట్టు విరిగి బండి మీద పడితే ఎవరి తప్పు?

రోడ్డు మీద పోతున్నాం, పక్క స్థలంలోని చెట్టు కొమ్మ విరిగి బండి మీద పడింది. నష్టం ఎవరు కట్టాలి? ఇంకెవరు, స్థలం ఓనరే కదా అని నేనూ అనుకునేవాణ్ణి. పాత తీర్పులు చదివాక తెలిసింది, సంగతి అంత తేలిక కాదని.

1926, ఇంగ్లండ్. ఒకాయన స్థలంలోని బీచ్ చెట్టు కొమ్మ రోడ్డు మీదికి వంగి ఉంది. గాలి లేదు, వాన లేదు. ఉన్నట్టుండి విరిగి కింద పోతున్న మోటారు బస్సు మీద పడింది. కింది కోర్టులో బస్సు ఓనరు గెలిచాడు, పై కోర్టులో ఓడిపోయాడు. ఎందుకంటే కొమ్మ లోపల ఉన్న పగులు బయటికి కనిపించేది కాదు. చెట్టు యజమానికి తెలిసే దారే లేదు, కాబట్టి బాధ్యత లేదన్నారు.

మరి చెట్టు కాకుండా కట్టడం కూలితే? ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1951 డిసెంబర్ 6న ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి, కింద ఉన్నవాళ్లు చనిపోయారు. కట్టి 80 ఏళ్లు. వాడిన సున్నాన్ని బట్టి పై అంతస్తు ఆయుష్షు 40, 45 ఏళ్లే! పైగా ఆ సున్నం పట్టు పోయి పొడైపోయింది. 1966లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: రోడ్డు పక్కన కట్టడం ఉంటే దాని లోపం పైకి కనిపించినా, లోపల దాగి ఉన్నా బాధ్యత ఓనరుదే. ఇక్కడ ఓనరు మున్సిపాలిటీయే.

సరే, చెట్టు కూడా మున్సిపాలిటీదే అయితే? 1975లో రాజ్‌కోట్‌లో ఒకాయన ఆఫీసుకి నడిచి వెళ్తుంటే రోడ్డు పక్క చెట్టు మీద పడి చనిపోయాడు. భార్యాపిల్లలు కేసు వేశారు. హైకోర్టు దాకా గెలిచారు. 1997లో, అంటే 22 ఏళ్లకి, సుప్రీంకోర్టులో ఓడిపోయారు. ఇలా బాధ్యత మోపితే మున్సిపాలిటీలు చెట్లు నాటడమే మానేస్తాయన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. చెట్లు కావాలి, ఒప్పుకుంటా. కానీ ఊరంతటికీ నీడనిచ్చే చెట్టు ఖరీదు ఆ ఒక్క ఇల్లే ఎందుకు కట్టాలి? నాకైతే ఇది మింగుడు పడలేదు.

ఒక్క దారి మాత్రం ఉంది. ప్రమాదమని తెలిసీ ఊరుకున్నారని చూపించగలిగితే కేసు బలపడుతుంది. మీ దారిలో ఎండిపోయిన చెట్టో, ఒరిగిన గోడో ఉంటే ఫొటో తీసి, ఓనరుకో మున్సిపాలిటీకో రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీ ఉన్న రసీదు తీసుకోవడం మర్చిపోకండి.