కీచైను టార్చి: పనిచోటుల ఆపత్కాల దీపము

తాళపుచెవుల గుత్తికి తగిలించుకొనుటకు వీలుగా బొటనవ్రేలంత పరిమాణమున తయారై, ఒకటి రెండు బటన్ సెల్లులచేత గాని, చిన్న పెన్సిల్ సెల్లుచేత గాని, చార్జి చేయదగిన బ్యాటరీచేత గాని వెలుగు ఎల్.ఇ.డి. దీపమునకు కీచైను టార్చి అని వ్యవహారము. కరెంటు పోయినప్పుడును, అగ్నిప్రమాదము సంభవించినప్పుడును, తుపాను రాత్రులందును పనివారు తామున్న చోటి నుండి నిరపాయముగా బయటపడుటకు చాలినంత వెలుగును ఎల్లవేళల వారి ఒంటిమీదనే ఉంచుట దీని ప్రయోజనము. పట్టణములందలి కార్యాలయములలో దీనిని కానుక వస్తువుగా పంచుట కలదు గాని, దీని అక్కర నిజముగా తెలియవచ్చునది నెల్లూరు జిల్లా పశ్చిమ భాగమున, వెలుగొండల చెంత నున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల వంటి మెట్టసీమలలోనే.

ఈ సీమలో రాత్రిపని యనగా మొదట స్ఫురించునది పొగాకు బ్యారను. మర్రిపాడు మండలములోని డి.సి.పల్లి యందును, కలిగిరి యందును పొగాకు బోర్డు వారి వేలము కేంద్రములుండుటచేత చుట్టుప్రక్కల గ్రామములలో వర్జీనియా పొగాకు సేద్యమును, దానితోపాటు ఆకు కాల్చు బ్యారనులును వ్యాపించినవి. పచ్చియాకును కర్రలకు కట్టి, బ్యారను లోపల వరుస మీద వరుసగా పై కప్పు వరకు ఎక్కించి, క్రింద పొయ్యిలో కట్టెలు మండించి, ఆ వేడిని ఇనుప గొట్టములగుండ లోపలికి నడిపించి, మొదట సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద ఆకును పండించి, క్రమక్రమముగా పెంచుచు, ఈనె ఆరు దశకు వచ్చుసరికి 160 డిగ్రీల వరకు తీసికొనిపోవుదురు. ఐదారు దినములు సాగు ఈ పనిలో రాత్రింబవళ్లు ఒకరు మేలుకొని యుండి, పొయ్యిని ఎగద్రోయుచు, గంట గంటకు ఉష్ణమాపకమును చూచుచుండవలెను. కడపటి దశలో ఎండి పెళపెళలాడు ఆకు ఒక్కటి కర్ర నుండి జారి కాగిన గొట్టము మీద పడినను బ్యారను మొత్తము అంటుకొనగలదు. అట్టి వేళ నిప్పు చూడబోయిన మనిషికి కావలసినది దూరమును వెలిగించు పెద్ద దీపము కాదు. అడుగు ముందరి కట్టెల మోపును, నిచ్చెన మొదలును, వాకిటి గడపను చూపు చిన్న వెలుగు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కు పనివారి షెడ్లలో వాడి పనిముట్లు చేతనుండగనే కరెంటు పోవును. ఆస్పత్రి నర్సులకు, విద్యుత్ సబ్‌స్టేషను ఆపరేటర్లకు, రెండు ఊళ్ల బస్సు డిపోలలో తెల్లవారకముందే మొదటి సర్వీసులు తీయు సిబ్బందికి, చీకటిలో నడక నిత్యకృత్యము. 78 టి.ఎం.సి.ల నిల్వ సామర్థ్యము గల సోమశిల జలాశయము ఈ ప్రాంతముననే పెన్నానదిపై నున్నది. 2021 నవంబరులో ఎగువన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, సోమశిలకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడి, దిగువ గ్రామములు జలమయమైన దినములను ఇక్కడివారు మరువలేదు. అట్టి రాత్రులలో విధులు మానుటకు వీలులేని ఉద్యోగులే మిక్కిలి చీకటిలో నుందురు. వానకు పుట్టలు మునిగి పాములు మెరకకు చేరును గనుక, కట్లపాము, రక్తపింజరి తిరుగాడు ఈ ఎర్రనేలలలో కాలు మోపబోవు చోటు కనిపించుట ప్రాణరక్షణమే.

ప్రతివారి చేతను సెల్‌ఫోనుండగా, అందులోనే లైటుండగా, వేరొక దీపమేల యను ప్రశ్న సహజము. తుపాను వేళ రెండు మూడు దినములు కరెంటు లేనిచోట ఫోను చార్జి మాట్లాడుటకు దాచుకొనవలసినది. దానిని వెలుగునకు ఖర్చు చేసినచో ఆంబులెన్సును పిలుచు సాధనము పోవును. అదియునుగాక తడిచేతితో తెరమీద లైటు గుర్తును వెదకుట కంటె ఒక మీటను నొక్కుట సులభము. ఈ కారణములచేత ఫోను లైటు ఉన్నను ఈ చిన్న టార్చి వ్యర్థము కాదని చెప్పవచ్చును.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 17వ సెక్షను పనివారు పనిచేయు చోటులందును, నడచు దారులందును చాలినంత వెలుతురు ఉండవలెనని విధించినది. గరిటెల షెడ్లు, బ్యారనులు చాలవరకు ఆ చట్టపు పరిధిలోనికి వచ్చెడివి కావు. వచ్చిన సంస్థలలో సైతము జేబులోని టార్చి గోడమీద నుండవలసిన అత్యవసర దీపమునకు ప్రత్యామ్నాయము కానేరదు. టార్చీలు పంచితిమి గదా యని యజమాని దారిదీపములను మానుకొనుట పనివారికి చేయు ద్రోహమే యగును.

చేతి టార్చికి అమెరికాలో డేవిడ్ మిసెల్ 1899లో పేటెంటు పొందెను. అటుపై శతాబ్దమునకు చేరువగా టార్చి యనగా తంతి బల్బుతో, లావుపాటి సెల్లులతో గూడిన బరువైన గొట్టమే. 1990లలో జపానునందు ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. సిద్ధించి, దానిపై ఫాస్ఫరు పదార్థము పూసి తెల్లని వెలుగు రాబట్టుటతో, నాణెమంత సెల్లుతో వెలుగు దీపము సాధ్యమైనది. ఆ నీలి దీపమునకే అకసాకి, అమానో, నకమురా లకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను.

ఎంపికలో కొనువారిని మొదట తప్పుదారి పట్టించునది ల్యూమెనులలో చెప్పు వెలుగు అంకె. పెట్టె మీద ఎంత పెద్ద సంఖ్య అచ్చువేసిన అంత గొప్పదని తలచుట కద్దు. ఒక ల్యూమెను వెలుగు ఒక చదరపు మీటరు మీద సమముగా పరచుకొన్న దానిని ఒక లక్సు అందురు. బయటపడు దారి నడిమిగీత వెంట కనీసము 1 లక్సు వెలుగుండిన చాలునని ఐరోపా ప్రమాణము నిర్ణయించినది. ఆ లెక్కన 5 ల్యూమెనులు ఐదు చదరపు మీటర్ల నేలకు సరిపోవును. ఒక మనిషి నడచిపోవుటకు ఇంతకు మించి అక్కరలేదు. సన్నని ధారగా దూరము పోవు వెలుగు పొగలో చెదరి కన్నుల ముందు తెల్లని తెర కట్టును గనుక, విప్పారిన మెత్తని వెలుగును, దానిని నేలకు దగ్గరగా పట్టుకొను అలవాటును మేలు.

వెలుగు కాలమును గూర్చిన అంకెను సైతము తరచి చూడవలెను. టార్చీల కొలతకు 2009లో వెలువడిన ఎఫ్.ఎల్.1 అను అమెరికా ప్రమాణమున, దీపము మొదటి వెలుగులో పదవ వంతునకు దిగు వరకు గల వ్యవధియే వెలుగు కాలము. కావున ఎనిమిది గంటలు అని వ్రాసినచోట వానిలో పెక్కు గంటలు మసకదీపమే కావచ్చును. చవక టార్చీలు చాలవానిలో పలుచని సి.ఆర్.2016 సెల్లులు రెండింటిని ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ నిరోధకమైనను లేకుండ 6 వోల్టులను ఎల్.ఇ.డి.కి నేరుగా ఇచ్చుటచేత అవి దుకాణములో మిరుమిట్లు గొలిపి, కొలది వాడకముననే నీరసించును. మందముగా నుండు సి.ఆర్.2032 సెల్లు ఒక్కటే గల టార్చి కొత్తలో కొంత మసకగా వెలిగినను, సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటల నిల్వతో చిరకాలము నిలుచును. వాడకపోయినను ఏండ్ల తరబడి చెడదు. ఆపత్కాలమునకు ఎదురుచూచు దీపమునకు ఈ గుణమే ప్రధానము. చార్జి చేయు టార్చి నిత్యము వాడు కాపలాదారునకు తగును గాని, ఏడాదికొకసారి అక్కరపడు గుమాస్తా దానిని చార్జి చేయ మరచుట ఖాయము. పెన్సిల్ సెల్లు ప్రతి పల్లె అంగడిలో దొరకుట గొప్ప సౌకర్యమే యైనను, మాసముల తరబడి లోపలనే యుండినచో అది కారి తీగలను తినివేయును.

మీటను నొక్కియుంచినంతసేపే వెలుగునది సెల్లును కాపాడును. కాని నిచ్చెన దిగువానికి, రోగిని ఎత్తువారికి రెండు చేతులును కావలెను గనుక, నొక్కుట, జరిపి నిలుపుట రెండును గల టార్చి శ్రేష్ఠము. నల్లనిది చీకటిలో జారిపడిన దొరకదు. పసుపు, నారింజ రంగులు మంచివి. ఎరుపు లేసరు చుక్కను జతచేసిన చవక రకములు కంటికి హానికరములు గావున వానిని తిరస్కరింపవలెను.

తగిలింపును గూర్చి కొనువారు సాధారణముగా ఆలోచింపరు. ఇచ్చట పెక్కుమంది మోటారుసైకిలు మీద పనికి వత్తురు. తాళపుచెవి బండికే వ్రేలాడుచుండ, టార్చియు దానితోపాటు వెలుపలనే నిలిచిపోవును. పొగాకు గ్రేడింగు చేయు స్త్రీలలో చాలమందికి పనిచోట తాళపుచెవులే ఉండవు. వారు వస్తువును బొడ్డున దోపుకొందురు, లేదా కొంగున ముడివేయుదురు. కావున ఉంగరముతోపాటు చిన్న క్లిప్పును, లాగినంతనే తెగిపోవు పలుచని మెడత్రాడును ఇయ్యవలెను. తెగని త్రాడు యంత్రములో చిక్కినచో మెడకే ముప్పు. నా దృష్టిలో నూరు ల్యూమెనుల టార్చి బండికి వ్రేలాడుటకంటె ఐదు ల్యూమెనులది కొంగున నుండుట వేయిరెట్లు మేలు.

కొన్నిచోట్ల ఇది పనికిరాదు. గ్యాసు గోడౌనులలో, పెట్రోలు నిలువ యుండు గదులలో మీట యందలి చిన్న రవ్వయే చాలును. మండెడి ఆవిరి నిండిన తొట్లలోనికి మంటకు చొరరాని నిర్మాణము గల దీపమునే తీసికొనిపోవలెనని ఫ్యాక్టరీల చట్టపు 36-ఎ సెక్షను శాసించినది. కీచైను టార్చి అట్టిది కాదు. స్తంభమెక్కు లైన్‌మన్‌కు తలకు కట్టుకొను దీపమే కావలెను.

టోకున కొనుటకు ముందు నాలుగైదు నమూనాలు తెప్పించి, ఒకదానిని రాత్రి అంతయు వెలిగించి, ఒకదానిని నిలువెత్తు నుండి గచ్చుపై జారవిడిచి, ఒకదానిని వేసవి ఎండలో మూసిన బండి డిక్కీలో ఒక దినముంచి చూచినచో, పెట్టె మీది వ్రాతలకంటె ఎక్కువ తెలియును. సెల్లు మార్చుటకు వీలులేక అతికించివేసిన టార్చి ఎంత చవకయైనను ఒక్కసారి వాడి పారవేయునదే గనుక దానిని చవక యనరాదు. సెల్లుల ధరను కలుపుకొని మూడేండ్ల ఖర్చు లెక్కించుట న్యాయము. పంచిన పిమ్మట తుపానుల ఋతువునకు ముందు, సెప్టెంబరులో, అందరిచేత ఒక్కసారి వెలిగింపజేసి మందగించినవాని సెల్లులు మార్చవలెను.

ఈ టార్చి పనివారితో ఇల్లు చేరును, ఇంట పసిబిడ్డలుందురు. నాణెమంత సెల్లు బిడ్డ గొంతున చిక్కుకొనినచో రెండు గంటలలోనే అన్నవాహికను లోతుగా కాల్చగలదు. అందుచేత మూత మరలతో బిగియు రకమునే కొనవలెను; పాత సెల్లును తెచ్చిన వారికే కొత్తది ఇచ్చు నియమము పెట్టి, పాతవానిని తిరిగి కూడబెట్టి, రెండు మొగములకు టేపు అంటించి, మూతగల డబ్బాలో భద్రపరచి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు స్వీకరించువారికి అప్పగింపవలెను.