వీధి బడిని నిలబెట్టింది ఎవరు?

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి కలెక్టరునూ తన జిల్లాలోని బళ్ల లెక్క పంపమన్నాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన జవాబు నేటికీ చదవదగ్గది. అనంతపురం సీమ కూడా కలిసివున్న ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బళ్లు, వాటిలో 226 తెలుగువి, 6,641 మంది పిల్లలు. ఒక్క బడికీ సర్కారు సాయం లేదు. పంతులుకు జీతం పిల్లల ఇళ్ల నుంచే వచ్చేది. పసివాళ్లు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. ఇంగ్లండు అనుకరించినందుకు ఈ పద్ధతి తగినదేనని క్యాంప్‌బెలే మెచ్చుకున్నాడు. అంటే పేద బడికి తనను తాను నడుపుకునే శక్తి పై నుంచి ఎవరో నేర్పవలసింది కాదు, అది ఇక్కడి వీధి అరుగుల మీదే ఉండేది.

అయితే ఆ బడిని స్వర్గంగా చూపడం అన్యాయం. ఆ లెక్కలో హిందూ ఆడపిల్లలు కేవలం 60 మంది. అర్థం తెలియకుండా పద్యాలు వల్లె వేయిస్తున్నారని క్యాంప్‌బెల్ గట్టిగానే తప్పుపట్టాడు. జీతం ఇచ్చుకోలేని ఇంటి బిడ్డకు అక్కడ చోటు కరువే. ఐరోపా బట్టలు వచ్చిపడి నేతపని దెబ్బతిన్నాక, పిల్లల్ని బడికి పంపలేని కుటుంబాలు పెరిగాయని కూడా ఆయన రాశాడు. నా వాదనకు అసలు ఆధారం ఇదే. ఊరి రాబడి ఎండితే ఊరు నడిపే బడీ ఎండుతుంది. స్వయం నిర్వహణ డబ్బుకు ప్రత్యామ్నాయం కాదు.

మరి సర్కారు డబ్బిస్తే సరిపోయిందా? తర్వాతి కాలంలో గ్రాంటు వచ్చింది గానీ, ఇన్‌స్పెక్టరు పరీక్షలో ఎందరు పిల్లలు గట్టెక్కితే అంత అన్న షరతుతో వచ్చింది. పంతులు ఊరికి కాక ఇన్‌స్పెక్టరుకు జవాబుదారీ అయ్యాడు. డబ్బుతో పాటు పెత్తనమూ చేతులు మారింది. పోనీ, ఆ పెత్తనం తిరిగి ఊరికిద్దామంటే, పెద్దకులాలే ఏలుతాయన్న అభ్యంతరం ఉంది. చరిత్ర చూస్తే అది నిజమైన భయమే. అందుకే 2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులకు, సగం చోట్లు స్త్రీలకు, వెనుకబడిన వర్గాలకు తగిన ప్రాతినిధ్యం కేటాయించింది. ఆ కమిటీ వేసిన ప్రణాళికే నిధులకు ఆధారం కావాలనీ అదే చట్టం చెబుతోంది. బళ్లారి బళ్లకు లేనిది ఈ నిధుల ఆసరా.