పని లేని తేనెటీగ

ఫ్రాన్సు దేశంలో, నడిమధ్యకి కాస్త దక్షిణంగా, ఓబ్రాక్ అనే పీఠభూమి మీద లాయోల్ అని ఓ ఊరుంది. ఫ్రెంచివాళ్లు రాసే అక్షరాలు చూసి మనం చదివితే 'లాగుయోల్' అని వస్తుంది గానీ ఆ ఊరివాళ్ల నోట అది లాయోలే. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఊళ్లో జనం పదమూడు వందలు దాటరు. ఎండాకాలం పచ్చిక, చలికాలం మంచు, ఏడాది పొడుగునా ఆవులూ, ఆవుపాల చీజూ. ఇంతే ఆ ఊరు. అలాంటి ఊరి పేరు ఖండాలు దాటి వెళ్లిందంటే దానికి కారణం జేబులో పట్టే ఓ మడతచాకు.

చాకు కథ మాకెందుకమ్మా అంటారేమో. కూరల కత్తిపీట ముందు పెరిగినవాళ్లం, ఏ కత్తి తెగుతుందో ఏ కత్తి వేలు కోస్తుందో మనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? పైగా ఇది చాకు కథ మాత్రమే కాదు. పనికోసం పుట్టిన వస్తువు సోకు నేర్చుకుంటే ఏమవుతుందో చెప్పే కథ. చదివిన దగ్గర్నుంచీ నా బుర్రలోంచి పోవడంలేదు.

1829 ప్రాంతంలో ఆ ఊళ్లో జాన్ పియర్ కాల్మెల్స్ అనే ఆయన ఈ చాకుకి రూపం ఇచ్చాడని చెబుతారు. అంతకుముందు అక్కడి రైతులు చెక్కపిడితో, మడవడానికి వీల్లేని చిన్న కత్తి మొలలో దోపుకునేవారట. చలికాలంలో మంచు పడి పనులు ఆగిపోతే మగవాళ్లు కొందరు కూలికోసం స్పెయిన్ వెళ్లేవారు. అక్కడ నవాహా అనే మడతకత్తి కొనుక్కుని వచ్చేవారు. ఊరి కత్తికీ, పైఊరి కత్తికీ పుట్టిన బిడ్డే లాయోల్ చాకు అని ఆ ఊరివాళ్ల మాట. సన్నగా, నడుం దగ్గర కాస్త ఒంపుతిరిగి, చేతిలో పట్టుకుంటే ఒద్దికగా ఇమిడిపోతుంది. రొట్టె కోసుకోడానికీ, చీజు ముక్క తీసుకోడానికీ, గొడ్లకి కట్టిన తాడు తెంపడానికీ అదే.

అసలు సంగతి ఇక్కణ్నుంచి మొదలవుతుంది. 1840లో ఆ చాకుకి దబ్బనంలాంటి పొడుగాటి మేకు ఒకటి అదనంగా వచ్చి చేరింది. ఎందుకో తెలుసా అండీ? ఆవుకోసం. తడిసిన పచ్చిగడ్డి ఆబగా మేస్తే ఆవుకి కడుపు ఉబ్బరిస్తుంది. గ్యాసు బయటికి పోయే దారిలేక ఎడమ డొక్క డోలులా అయిపోతుంది. చూస్తుండగానే ఊపిరాడక పడిపోతుంది. పశువైద్యుడు కొండెక్కి వచ్చేదాకా ఆవు ఆగదు. అప్పుడు కాపరి జేబులోంచి చాకు తీసి, ఆ మేకుతో డొక్కలో సరైన చోట పొడిచేవాడు. గాలి బుస్సుమని బయటికి వచ్చి ఆవు బతికేది. ఆవంటే ఆ ఇంటికి పాడీ, అప్పు తీర్చే ఆధారమూ అన్నీ అదే కదా. పాడిగేదె పోతే ఇల్లు ఎలా చితికిపోతుందో మన పల్లెల్లో వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అంత ప్రమాదాన్ని జేబులో పట్టే మేకుతో తప్పించిన కమ్మరివాడికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

మరో నలభై ఏళ్లకి, 1880లో, మూడో పనిముట్టు వచ్చింది. సీసా బిరడా తీసే మరచుట్టు. ఆవులు మేపుకునేవాళ్లకి అది దేనికి? వాళ్లకి కాదు, పారిస్ వెళ్లిన వాళ్ల పిల్లలకి. కొండమీద బతుకు గడవక ఆ ప్రాంతపు కుర్రాళ్లు గుంపులు గుంపులుగా పారిస్ చేరారు. మేడలెక్కి నీళ్లు మోశారు, బొగ్గు మోశారు. బొగ్గు కొట్లోనే ఓ మూల బల్లవేసి గ్లాసుల్లో వైన్ అమ్మడం మొదలుపెట్టారు. భార్య గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే భర్త బొగ్గు బస్తాలు ఇళ్లకి చేరవేసేవాడు. ఆ బొగ్గు కొట్లే మెల్లిగా కాఫీ హోటళ్లయ్యాయి. పారిస్‌లో రచయితలూ, రాజకీయనాయకులూ కూర్చునే లిప్ అనే పేరున్న హోటలుంది చూడండి, దాన్ని 1920లో కొన్న మార్సెలిన్ కాజ్ లాయోల్ ఊరివాడే. రోజుకి పదుల సీసాలు తెరిచే ఆ కుర్రాళ్లకి జేబులో మరచుట్టు కావలసివచ్చింది. ఊళ్లో కమ్మరి వినిపించుకున్నాడు.

యాభై ఏళ్లలో రెండు కొత్త పనిముట్లు. ఒకటి గొడ్డుకోసం, ఒకటి వలసపోయిన బిడ్డకోసం. అడిగినవాళ్ల అవసరం కళ్లముందు కనిపిస్తోంది.

తరవాత వచ్చింది తేనెటీగ.

చాకు వెనకభాగంలో ఉక్కు స్ప్రింగు ఉంటుంది. బ్లేడు తెరిచినప్పుడు కదలకుండా బిగపట్టేది అదే. పిడీ, బ్లేడూ కలిసే చోట ఆ స్ప్రింగు కొస కాస్త వెడల్పుగా ఉంటుంది. ఫ్రెంచి కమ్మరులు దాన్ని 'ఈగ' అని పిలుస్తారు. మొదట్లో అది నున్నగానే ఉండేది. తరవాత పువ్వులూ ఆకులూ చెక్కారు. 1909 ప్రాంతంలో ఎవరికో తేనెటీగ చెక్కాలని తోచింది. ఇక అదే నిలిచిపోయింది. ఈ ఊరివాళ్ల పరాక్రమానికి మెచ్చి నెపోలియన్ చక్రవర్తి తన తేనెటీగ గుర్తు ఇచ్చాడని ఓ కథ ప్రచారంలో ఉంది. చాకు అమ్మేవాళ్లు మురిసిపోతూ చెబుతారు. నెపోలియన్ 1821లోనే పోయాడు. చాకు ఇంకా పుట్టనేలేదు. అయినా మంచి కథ దొరికాక తేదీలు ఎవరు చూస్తారు లెండి!

పిడిమీద చిన్న చిన్న మేకులతో శిలువ గుర్తు వేస్తారు. పచ్చికబయళ్లలో చర్చి ఉండదు కాబట్టి కాపరి చాకుని నేలలో గుచ్చి దాని ముందు ప్రార్థన చేసుకునేవాడట. ఇది నమ్మబుద్ధేసే కథే. స్ప్రింగు వీపు పొడుగునా ఆకురాయితో తీగల్లాంటి నగిషీ కూడా చెక్కుతారు. లాయోల్‌లో మంచి చాకుని మొదలునుంచి చివరిదాకా ఒక్క పనివాడే చేస్తాడు, ఒక్కో నగిషీలో అతని చేతివాటం తెలుస్తుంది.

నేను అందానికి విరోధిని కాదు. చిలకల్లా చెక్కిన ఇత్తడి అడకత్తెరలు మన ఇళ్లలోనూ ఉన్నాయి. చిలక ముక్కు పోయినా వక్క తెగుతుంది, చిలక ఉన్నందువల్ల వక్క తెగడం ఆగదు. లాయోల్ దగ్గర నా పేచీ వేరు. తేనెటీగ వాలాక ఆ చాకులో కొత్త పని ఒక్కటీ చేరలేదు. చేరవలసిన అవసరం లేకనా? తెరిచిన బ్లేడు గట్టిగా అదిమితే వేళ్లమీదికి మడుచుకోకుండా దానికి తాళం లేదు. మూసేటప్పుడు టప్పున వదిలేస్తే వాదర లోపలి స్ప్రింగుకి తగిలి నొక్కుపడవచ్చు. అందుకని కొన్నవాళ్లకి జాగ్రత్త చెబుతారు: తొందరపడకండి, బ్లేడుని వేళ్లతో పట్టుకుని మెల్లిగా లోపలికి దింపండి అని. కొత్త కోడలికి అత్తగారు వెండిగ్లాసులు అప్పగించినట్టన్నమాట. చాకు తన తీరు మార్చుకోదు, వాడేవాళ్లే దాని తీరుకి అలవాటుపడాలి. మేకు పెట్టిన తాతలు, మరచుట్టు పెట్టిన తండ్రులు ఈ ఇబ్బంది చూసి ఊరుకునేవాళ్లా అని నాకు అనిపిస్తుంది.

మరి మిగతావాళ్లు ఊరుకోలేదుగా. అదే ఫ్రాన్సులో, ఆల్ప్స్ కొండల దగ్గర సవ్వా ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చెక్కపిడితో చౌక చాకు ఒకటి మొదలుపెట్టాడు. చూడ్డానికి చీపురుపుల్లంత సాదాగా ఉంటుంది. 1955లో ఆ కంపెనీవాళ్లు పిడి మెడకి తిరిగే ఉక్కు ఉంగరం తొడిగారు. ఉంగరం తిప్పితే బ్లేడు కదలదు, వేళ్లు భద్రం. అంతే, అంత చిన్న ఉపాయం. పక్కనే స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కొట్టు పెట్టి, 1891నుంచి సైన్యానికి చాకులు ఇచ్చి, 1897లో ఒకే స్ప్రింగుకి రెండువైపులా పనిముట్లు అమర్చిన ఆఫీసరు చాకు తయారుచేశాడు. మనవాళ్లెందరి బ్యాగుల్లోనో ఉండే ఎర్ర చాకు అదే. తల్లి విక్టోరియా 1909లో పోతే ఆవిడ పేరే సరుక్కి పెట్టుకున్నాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కు వచ్చాక, ఆ ఉక్కు పేరు 'ఇనాక్స్' తోక చేర్చి విక్టోరినాక్స్ అన్నారు. ఇంచుమించు ఒకే కాలంలో ఒక ఊళ్లో స్ప్రింగుమీద ఈగని చెక్కితే, ఇంకో ఊళ్లో స్ప్రింగుని ఎలా వాడితే ఇంకో పనిముట్టు పడుతుందా అని లెక్కలు వేశారు. రెండూ ఉక్కుమీద ఓపికే, కాదనను.

మొదటి ప్రపంచయుద్ధం తరవాత లాయోల్‌లో కొలిమిలు ఒక్కొక్కటే చల్లారాయి. చాకులు మాత్రం ఆగలేదు. చేసింది ఎవరయ్యా అంటే తియేర్ వాళ్లు. అక్కడికి ఉత్తరాన ఉన్న పట్టణం అది, కొన్ని వందల ఏళ్లుగా కత్తుల ఊరు. దురోల్ నది నీళ్లతో సానరాళ్లు తిరిగేవి. పనివాళ్లు రాయిమీదికి వాలి ఉండే పలకలమీద బోర్లా పడుకుని, గంటలకొద్దీ బ్లేడులు సానపట్టేవారు. కింద నీళ్ల చలి. అందుకని ఒక్కొక్కరూ ఓ కుక్కని పెంచి, కాళ్లమీద పడుకోబెట్టుకునేవారు, వెచ్చదనానికి. పాత ఫొటోల్లో ఆ దృశ్యం చూశాను. వరసగా బోర్లా పడుకున్న మనుషులు, వాళ్లమీద కునుకుతీస్తున్న కుక్కలు. తేనెటీగ ఉన్న చాకులు చాలాభాగం అలాంటి వీపులమీదుగా వచ్చినవేనండీ. లాయోల్ అని ఊరి పేరు చెక్కి ఉంటుంది, ఊరు మాత్రం అది కాదు.

1980ల్లో లాయోల్‌వాళ్లకి పౌరుషం వచ్చింది. 1987లో మళ్లీ ఊళ్లోనే కార్ఖానా పెట్టారు. కట్టడం ఎవరిచేత గీయించారనుకున్నారు? ఫిలిప్ స్టార్క్ అనే పేరుమోసిన డిజైనరుచేత. ఇంటికప్పులోంచి ఆకాశంలోకి పద్దెనిమిది మీటర్ల బ్లేడు ఒకటి నిలబెట్టాడాయన. దూరాన్నుంచి వచ్చే బస్సులకి కూడా కనిపిస్తుంది. ఇక్కడా అంతే చూడండి. ఊరికి పని తిరిగొచ్చింది, కుర్రాళ్లు మళ్లీ కొలిమి దగ్గర నిలబడ్డారు, ఆ సంతోషం నాకూ ఉంది. కానీ తాళం గురించి గానీ, నొక్కుపడే వాదర గురించి గానీ ఆలోచన మళ్లలేదు. కొమ్ము పిడి, అరుదైన కలప పిడి, పెద్దపెద్ద డిజైనర్ల గీతలు, వీటిమీదే శ్రద్ధంతా.

రూపం ఒక్కటే ఆస్తి అయినప్పుడు దాన్ని ఎవరైనా తీసుకుపోవచ్చు కదా. తీసుకుపోయారు. 1993లో ఊరికి సంబంధంలేని ఓ వ్యాపారి 'లాయోల్' అనే పేరుని తేనెటీగ బొమ్మతో సహా ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నాడు. ఆ పేరుతో బయటిదేశాల్లో తయారైన చౌక చాకులే కాదు, బట్టలూ, లైటర్లూ కూడా బజారుకొచ్చాయి. ఊళ్లోవాళ్లు తమ ఊరి పేరు తాము వాడుకోడానికి కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 2012లో పారిస్ కోర్టు వాళ్ల మొర తోసేస్తే, ఊరు ఊరంతా కదిలి ఊరి మొదట్లో ఉన్న పేరు బోర్డు పీకేశారు. మా పేరు మాది కాదన్నప్పుడు బోర్డెందుకు అని. ఎంత కడుపుమంటో ఊహించుకోండి. 2014లోనూ ఓడారు. 2016లో పైకోర్టు ఆ తీర్పుని కొంత కొట్టేసింది. చివరికి 2019లో పారిస్ అప్పీలు కోర్టు ఆ ట్రేడ్‌మార్కుల్లో చాలావాటిని రద్దు చేసింది.

విచిత్రం ఏమిటంటే, అదే ఊరి చీజుకి 1961నుంచే చట్టం కాపలా ఉంది. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేస్తేనే లాయోల్ చీజు. చాకుకి అది దొరకలేదు, ఎందుకంటే ఫ్రాన్సులో తిండీ తాగుడూ సరుకులకే తప్ప చేతిపనులకి అలాంటి గుర్తింపు ఇచ్చే చట్టం 2014దాకా లేదు. ఇందులో మనం వాళ్లకంటే ముందున్నాం. మన చట్టం 1999లో వచ్చి 2003లో అమలైంది, ఆ తొలి వరసలోనే మన పోచంపల్లి ఇక్కత్‌కి గుర్తింపు దొరికింది. అయినా పోచంపల్లి అని చెప్పి అద్దకం చీర అంటగట్టే కొట్లు ఇంకా ఉన్నాయనుకోండి. అంచు తిరగేసి, దారంలోనే రంగుందా పైన పూసిందా అని చూసుకునే పని మనదే. ఫ్రాన్సులో చట్టం వచ్చాక మాత్రం కొత్త తగువు మొదలైంది. గుర్తింపు మాదంటే మాదని లాయోల్, తియేర్ రెండూ ముందుకొచ్చాయి. పుట్టించిన ఊరు ఒకటి, నూరేళ్లు సానపట్టి బతికించిన ఊరు ఇంకొకటి. నన్నడిగితే తియేర్‌వాళ్లని పరాయివాళ్లనడానికి నాకు నోరు రాదు. ఆ కుక్కలు గుర్తొస్తాయి.

మూడు పనిముట్ల పాత చాకు ఇప్పటికీ చేస్తున్నారు. మేకుతో ఆవుని పొడిచేవాళ్లు ఇప్పుడు లేరు, బెల్టుకి బెజ్జం పెట్టుకోడానికో, తాడుముడి విప్పడానికో వాడుకుంటారు. ఊరి బయట కొండమీద మిషెల్ బ్రాస్ అనే వంటాయన పెట్టిన హోటలొకటి ఉంది, ఫ్రాన్సులో చాలా గొప్ప పేరున్నది. పెద్ద హోటళ్లలో వంటకం మారినప్పుడల్లా కత్తి, ఫోర్కు మార్చేస్తారు కదా. అక్కడ మాత్రం లాయోల్ చాకు మొదట ఇస్తారు, భోజనం అయ్యేదాకా అదే దగ్గరుంచుకోమంటారు. ఆ కొండల్లో ఎవరి చాకు వాళ్ల జేబులో ఉండేదిగా, రొట్టె ముక్కతో తుడిచి మళ్లీ దాంతోనే తినేవారు.