ఖడ్గం నీడలో మరుగుపడిన కత్తి

పూతలపట్టు కూడలి వద్ద చిత్తూరు బాట రెండుగా చీలి, ఒకటి తిరుపతికి, మరొకటి పీలేరు మీదుగా కడపకు సాగుతుంది. చుట్టూ చెరకు మళ్ళు, మామిడి తోటలు. చెరకు నరికేవాని మచ్చుకత్తి, తోటకాపరి మొలలోని చాకు, మాంసం కొట్టులోని సోదరుని ఛురీ - ఇవన్నీ కొలిమిలో కాగి, దాగలి మీద సమ్మెట దెబ్బలు తిన్నవే. వీటి చరిత్ర వ్రాయాలని ఎవరికీ తోచలేదు. గ్రంథాలలో చోటంతా ఖడ్గానికే దక్కింది.

హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసినది చిత్తూరుకు చేరువలోని నరసింగరాయనిపేట శిబిరంలోనే. ఆయన ఫిరంగులను గూర్చి, ఇనుప గొట్టాల రాకెట్లను గూర్చి విరివిగా వ్రాశారు. ఆ దండులో గుర్రాలకు నాడాలు కొట్టినవాడు, గాయం కోసి గుండు తీసిన జర్రాహ్ ఏ కత్తి పట్టారన్న ప్రశ్న వేసేవారు అరుదు.

ఇస్లాం తొలి చరిత్రలో కమ్మరికి ఉన్న స్థానం మరువరానిది. హజ్రత్ ఖబ్బాబ్ బిన్ అరత్ (ర) మక్కాలో కమ్మరి. ఆస్ బిన్ వాయిల్ తనకు బాకీపడిన సొమ్ము అడగబోతే, ముహమ్మద్ (స)ను తిరస్కరిస్తేనే చెల్లిస్తానన్నాడు. ఖబ్బాబ్ తిరస్కరించలేదు, సొమ్మును వదులుకోవడానికే సిద్ధపడ్డారు. దైవప్రవక్త (స) తన పసికందు ఇబ్రాహీంను పాలకోసం ఉంచినది మదీనాలో అబూ సైఫ్ అనే కమ్మరి ఇంటనే. కుమారుని చూడటానికి ఆయన (స) వెళ్ళినప్పుడు ఆ ఇల్లు కొలిమి పొగతో నిండి ఉండేదని హదీసులు తెలుపుతున్నాయి.

ఇక జబహ్ విషయం. జంతువును కోసేముందు కత్తికి బాగా పదును పెట్టాలని, దానికి బాధ తగ్గించాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. జంతువు చూస్తుండగా కత్తి నూరడాన్ని కూడా వారించారు. కనుక ఛురీ పదును కసాయి వృత్తి నైపుణ్యం మాత్రమే కాదు, అతని ధర్మం కూడా.

అరబ్బులు మేలైన ఖడ్గాన్ని 'ముహన్నద్' అన్నారు, అంటే హిందూ దేశపు ఉక్కుతో చేసినది. అబ్బాసీ ఖలీఫా ముఅతసిం కాలంలో అల్-కిందీ ఖడ్గాల రకాలను గూర్చి ప్రత్యేక గ్రంథమే వ్రాశాడు. దమస్కస్ ఖడ్గమని మన ఉపన్యాసకులు ఉప్పొంగిపోతారు. అయితే ఆ పేరుతో కీర్తికెక్కిన ఖడ్గాలలో మేలైనవాటికి ఉక్కు ఎక్కడిదని అడిగితే, జవాబు తెలుగు, కన్నడ, తమిళ సీమల కొలిముల వద్దకే తీసుకువస్తుంది. ఆంగ్లేయులు 'వూట్జ్' అని వ్రాసుకున్నది మన 'ఉక్కు' మాటనే అని పండితుల అభిప్రాయం.

నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఈ ఉక్కు తయారీని హెన్రీ వాయిసీ కళ్ళారా చూశాడు. ఆయన 1824లో మరణించాడు, ఆయన వ్రాత 1832లో అచ్చయింది. రెండు తావుల ఇనుమును కలిపి మూసలలో కరిగించేవారట. ఇస్ఫహాన్ నుండి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు అక్కడే ఉండి పని చూసుకునేవాడు. అటువంటి ఉక్కును ఇరాన్‌లో చేయబోయి విఫలులయ్యామని ఆయనే ఒప్పుకున్నాడు. కమ్మరి హిందువు, కొనుగోలుదారు ముస్లిం. ఇద్దరి మధ్య బేరమూ నమ్మకమూ ఉన్నాయి. దమస్కస్ కీర్తిలో సగం వాటా ఆ కమ్మరిది అనడం న్యాయం.

దక్షిణాదిలో మరికొన్ని చోట్ల మూసలో ఇనుముతోపాటు తంగేడు కట్టె వేసి, జిల్లేడు ఆకులు కప్పి, మట్టితో మూసేవారు. కట్టెలోని కర్బనం ఇనుములోకి చేరి ఉక్కు అయ్యేది. ఆ ఉక్కు అంతా యుద్ధానికే పోలేదు. 1800లో మైసూరు సీమలో తిరిగిన బుకానన్, రాతిపనివారి ఉలులకూ అది వాడేవారని వ్రాశాడు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు దానితో శస్త్రవైద్యుల పరికరాలు, క్షురకత్తులు చేసి, ఐరోపా ఉక్కు కంటే ఇదే మేలని తన దుకాణపు కార్డు మీద అచ్చువేయించుకున్నాడు. తరువాత 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడేతో కలిసి ఆ ఉక్కును పరిశోధించాడు. శస్త్రవైద్యుని కత్తికి ఇస్లామీ నాగరికతలోనూ పాత గౌరవమే ఉంది. ఖుర్తుబా వైద్యుడు అజ్-జహ్రావీ పది వందల ఏళ్ళ క్రితమే తన 'అత్-తస్రీఫ్'లో శస్త్రాల బొమ్మలు గీసి, వాటి వాడుకను వివరించాడు.

ఈ పరిశ్రమ ఎందుకు పోయింది? ఇంగ్లండు నుండి చవక ఉక్కు దిగింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో బొగ్గుకు కట్టె దొరకడం కష్టమైంది. 1878 ఆయుధాల చట్టం కత్తి పట్టినవాని మీద సర్కారుకు అనుమానం నేర్పింది. స్వతంత్ర భారతంలో 1959 చట్టం, 1962 నిబంధనలు కొంత వివేకం చూపాయి. 9 అంగుళాల పొడవు లేక 2 అంగుళాల వెడల్పు మించిన కత్తులకు ఆంక్ష పెడుతూనే, ఇంటికీ సేద్యానికీ పరిశ్రమకూ చేసిన వాటిని మినహాయించాయి. చట్టం గుర్తించిన ఆ తేడాను జనం తరచు మరుస్తుంటారు. ముఖ్యంగా ఆ కత్తి పట్టినవాడు కసాయి అయితే.

ఇప్పటి పల్లె కమ్మరికి మూస ఉక్కు లేదు. లారీల పాత కమాన్ పట్టీలే అతని ముడిసరుకు. పట్టీని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, అంచు తీర్చి, నీటిలో ముంచుతాడు. ముంచిన కత్తి పెళుసు. దానిని మళ్ళీ సన్నని సెగ మీద పెట్టి, అంచున గడ్డిరంగు పొడసూపగానే తీసేస్తాడు. ఆ క్షణం దాటితే పదును నిలవదు, ముందే తీస్తే అంచు విరుగుతుంది. ఆ రంగును గుర్తుపట్టడం తండ్రి పక్కన తిత్తి ఊదుతూ నేర్చుకున్నదే.