కొత్తూరు రోడ్డు మీద మొదటి పెట్టుబడి ఎవరిది?

(భూమి, కూలి, కులం: 17వ భాగం)



పోయిన భాగం కింద చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, ఫుడ్ ప్రాసెసింగ్ వస్తే మనకు మంచిదే కదా, దాన్ని కూడా వద్దంటారా?" ఈ భాగమంతా దానికి జవాబే. కొంచెం పొడవుంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఫ్యాక్టరీ వద్దనడం మన దారి కాదు. బాబాసాహెబ్ 1918లోనే భారతదేశంలో చిన్న కమతాల సమస్య మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదవడం ఒక్కటే రోగం కాదని, పెట్టుబడి చాలక, భూమి మీద పని లేని చేతులు ఎక్కువై సేద్యం కుంగిపోతోందని లెక్కలతో చూపించారు. ఆ చేతులకు పరిశ్రమలో పని దొరకాలన్నది ఆయన చెప్పిన మందు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు. 1947లో రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో ఇంకో అడుగు ముందుకేశారు. కీలక పరిశ్రమలు, వ్యవసాయం ప్రభుత్వ యాజమాన్యంలో ఉండాలని, కులభేదం లేకుండా ఊరివాళ్లు కలిసి సాగు చేయాలని ప్రతిపాదించారు. అంటే ఫ్యాక్టరీ రావాలి, దాని మీద హక్కు ఎవరిదో కూడా తేలాలి. ఈ రెండో మాటను మనవాళ్లు మరిచిపోయారు, ప్రభుత్వాలు మరిపించాయి.

2021లో తెలంగాణ ప్రభుత్వం ఆహార శుద్ధి విధానం తెచ్చింది. 10,000 ఎకరాల్లో ప్రత్యేక జోన్లు, రూ.25,000 కోట్ల పెట్టుబడి, 70,000 మందికి నేరుగా ఉద్యోగాలు అని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వాలు మారినా ఈ భాష మారదు. అందులో మొదట కనపడేది ఎకరాలు. ఆ ఎకరాలు ఎక్కడివి? దీనికి జవాబు కావాలంటే శంషాబాద్ నుంచి జడ్చర్ల దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒకసారి పోయి రావాలి.

శంషాబాద్‌తో మొదలుపెడదాం. 2008 మార్చిలో ఇక్కడ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. దాని కింద దాదాపు 5,500 ఎకరాల భూమి ఉంది. కంపెనీలో మొదటి వాటాలు ఇలా ఉన్నాయి: జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా విమానాశ్రయాల సంస్థకు 11 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం. ఈ లెక్కను రెండోసారి చదవండి. భూమి లీజుకిచ్చిన ప్రభుత్వం కిరాయితో సరిపెట్టుకోలేదు, కంపెనీలో వాటా కూడా తీసుకుంది. కంపెనీ పెరిగితే ఆ 13 శాతం విలువా పెరుగుతుంది. భూమి ఇచ్చి కదిలిపోయిన ఊళ్లకు దొరికింది ఒక్కసారి పరిహారం, పునరావాస కాలనీ. వాళ్లకు ఒక్క శాతం కూడా ఎందుకు లేదని ఆ రోజు ఎవరూ అడగలేదు.

అక్కడి నుంచి దక్షిణానికి పోతే కొత్తూరు. 2016 అక్టోబరు దాకా ఇది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి. ఫ్యాక్టరీవాళ్లకు కొత్తూరు ఎందుకు నచ్చిందో అర్థం కావాలంటే ఆ పాత జిల్లా సరిహద్దును గుర్తుపెట్టుకోవాలి. కాగితం మీద వెనుకబడిన పాలమూరు, రోడ్డు మీద హైదరాబాద్ పక్కనే. జిల్లా వెనుకబాటుతో వచ్చే రాయితీ, నగరం పక్కన ఉండే లాభం రెండూ ఒక్క గేటు దగ్గరే దొరికాయి. ఇనుము కరిగించే ఫర్నేసులు వచ్చాయి, నాట్కో లాంటి మందుల కంపెనీ వచ్చింది, పెంజర్లలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వచ్చింది. వెనుకబాటు మనది, రాయితీ వాళ్లది.

అదే పెంజర్లలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ దేశంలోనే తన అతిపెద్ద ఫ్యాక్టరీ కట్టింది. 47 ఎకరాలు. కనీసం 1,500 మందికి ఉద్యోగాలన్నారు. 2016 నాటికి కట్టడం పూర్తయింది. 2019లో రాయిటర్స్ వార్తాసంస్థ వెళ్లి చూస్తే అక్కడ ఉత్పత్తే మొదలుకాలేదు. అనుకున్నంత గిరాకీ లేదన్నది బయటికొచ్చిన కారణం. చివరికి 2022లో హెటిరో ఆ ఫ్యాక్టరీని కొనుక్కుంది. కంపెనీ లెక్క తప్పితే కంపెనీ అమ్ముకుని పోగలదు. ఆ 1,500 ఉద్యోగాల మాట నమ్మి పిల్లల్ని ఐటీఐలో చేర్పించిన ఇల్లు ఏం అమ్ముకోవాలి? పెట్టుబడికి రిస్కు ఉంటుంది కాబట్టి లాభం దానిదే అంటారు. మరి ఆ రిస్కులో సగం మోసిన ఊరికి లాభంలో ఎంత?

ఇంకా కిందికి, జడ్చర్ల దగ్గర పోలేపల్లి. గ్రీన్ ఇండస్ట్రియల్ పార్కు పేరుతో దాదాపు 1,000 ఎకరాలు తీసుకున్నారు, తర్వాత అది ఫార్మా సెజ్ అయింది. పోయిన భూముల్లో దళితులవి, లంబాడాలవి, బీసీలవి ఉన్నాయి. చాలా భాగం అసైన్డ్ భూములు, మన పెద్దలు లావణి పట్టా అనేవి. పరిహారం ఎకరానికి వేలల్లోనే. అందులోనూ అసైన్డ్ భూమికి పట్టా భూమికంటే తక్కువ. 2008 జడ్చర్ల ఉప ఎన్నికలో పోలేపల్లి బాధితులు తామే నామినేషన్లు వేసి ఓట్లడిగారు. గెలవడానికి కాదు, తమ మాట వినిపించడానికి.

అసైన్డ్ భూమి గురించి కొత్తతరం పిల్లలకు సరిగా తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. 1977 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వం పేదకు ఇచ్చిన భూమిని అమ్మడానికి లేదు, కొనడానికి లేదు. ఉద్దేశం మంచిదే. అది లేకపోతే ఆ భూమి ఎప్పుడో దొర చేతికి తిరిగి పోయేది. కానీ అదే పట్టాలో ఇంకో షరతు ఉంటుంది. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడే మతలబు. ఆ రెండెకరాలు మాల మాదిగల చేతిలో ఉన్నప్పుడు తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకు వెనకాడుతుంది. ప్రభుత్వం వెనక్కి తీసుకుని పార్కు చేసి కంపెనీకి రాసిచ్చిన రోజు అదే మట్టి మీద కోట్ల అప్పు పుడుతుంది. మట్టి మారలేదు, చేయి మారింది.

ఈ అన్యాయం మీద కోర్టులో ఒక గెలుపు కూడా ఉంది. చేవెళ్ల డివిజన్ భూసేకరణ కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది. ప్రజా ప్రయోజనం పేరుతో అసైన్డ్ భూమి తీసుకున్నా సొంతదారుకు ఇచ్చినట్టే మార్కెట్ విలువ కట్టివ్వాలని చెప్పింది. 2013 భూసేకరణ చట్టం కూడా అసైన్డ్ భూమి ఉన్న కుటుంబాన్ని బాధిత కుటుంబంగా గుర్తించింది. ఈ రెండు మాటలూ ప్రతి వాడలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. ఆఫీసరు "ఇది సర్కారు భూమే కదా" అన్నప్పుడు వెంటనే అందుకు పనికొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి, తిండి దగ్గరికి వద్దాం. మందుల ఫ్యాక్టరీకి, ఇనుము ఫ్యాక్టరీకి మన భూమి చాలు. ఫుడ్ ప్రాసెసింగ్‌కు భూమితోపాటు మన పంట కావాలి, మన చేయి కావాలి.

పంట సంగతి చూడండి. పాలమూరు ఎర్ర నేలల్లో జొన్న, సజ్జ, కొర్ర మన గటకకు, మన రొట్టెకు పండాయి. జీతగానికి కూలి జొన్నల్లో కొలిచిన రోజులు మన తాతలకు తెలుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది ఆకలి తీర్చింది, కాదనను. కానీ సర్కారు కొనేది, రేషన్ షాపులో ఇచ్చేది బియ్యమే కావడంతో జొన్న తినేవాడు వెనుకబడినవాడయ్యాడు, జొన్న వేసేవాడు నష్టపోయాడు. ఇప్పుడు చక్రం తిరిగింది. శంషాబాద్ పోయే దారిలో రాజేంద్రనగర్‌లో ఉన్న పాత జొన్న పరిశోధన కేంద్రమే ఇప్పుడు భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేసింది. మనల్ని ఎగతాళి చేసిన గటక ఇప్పుడు రంగుల ప్యాకెట్లలో బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడుపోతోంది. ఆ ధరలో జొన్న వేసిన మనిషికి చేరేది ఎంతో మార్కెట్ యార్డుకు పోయి చూస్తే తెలుస్తుంది.

సీతాఫలం కథ ఇంకా దగ్గరిది. దేశమంతటా ఉద్యాన శాస్త్రవేత్తలు 'బాలానగర్' అని పిలిచే రకం మన బాలానగర్‌దే, షాద్‌నగర్ దాటాక ఇదే రోడ్డు మీద ఉన్న ఊరు. దసరా ముందు నుంచి గుట్టల మీద, గట్ల మీద కాసిన కాయను తెంపి బుట్టల్లో రోడ్డు పక్కన పెట్టుకుని అమ్మేది ఎక్కువగా మన ఆడవాళ్లు, లంబాడా ఆడవాళ్లు. పండు మెత్తబడితే రెండు మూడు రోజులే. అందుకే సాయంత్రమయ్యేసరికి కొనేవాడు చెప్పిందే ధర. గుజ్జు తీసి దాచుకోవచ్చు కదా అంటారు. సీతాఫలం గుజ్జు గాలి తగిలితే నల్లబడుతుంది, వేడి చేస్తే చేదెక్కుతుంది. మామిడిలాగా మరిగించి డబ్బాలో పెట్టడం కుదరదు. గింజ తీసిన గుజ్జును వెంటనే సున్నాకు దాదాపు 20 డిగ్రీల కింద గడ్డకట్టించాలి, ఐస్‌క్రీమ్ కంపెనీ చేరేదాకా ఆ చలి తప్పకూడదు. అంటే ఇక్కడ లాభం చెట్టు దగ్గర ఉండదు, చలిగది తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గర ఉంటుంది.

ఇక చేయి. ఇది ఎవరూ మాట్లాడని విషయం. టాబ్లెట్ ఎవరు చేశారని ఎవరూ అడగరు. పచ్చడి ఎవరు పెట్టారని అడుగుతారు. మన ఊళ్లలో, నగరాల్లో పచ్చళ్ల దుకాణాల మీద, వంటల బోర్డుల మీద కులం పేర్లు చూడండి. కొన్ని కులాల పేరు రుచికి, శుచికి హామీ. మన కులం పేరు పెడితే? బడిలో దళిత ఆయమ్మ వండిందని పిల్లల్ని తిననివ్వని వార్తలు ఈ దేశంలో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఫ్యాక్టరీ లోపల మిరపకాయ తొడిమ తీసేది, మామిడి ముక్క కోసేది మన చెల్లెళ్లే. గ్లౌజు, రేపరు ఆ చేతిని దాచేస్తాయి కాబట్టి అందరూ తింటారు. చేయి కూలీగా ఉన్నంతకాలం అంటు లేదు, యజమాని అయితేనే అంటు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దలిత్ ఫుడ్స్' అని ఆ పేరుతోనే కారం, పసుపు, పచ్చడి అమ్మకానికి పెట్టారు. అది వ్యాపారమే, కానీ దేశాన్ని నిలబెట్టి అడిగిన ప్రశ్న కూడా.

"మీకు పథకాలున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. 2014లో వచ్చిన టీ-ప్రైడ్ కింద ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు 35 శాతం పెట్టుబడి సబ్సిడీ, పార్కుల్లో ఎస్సీలకు 15.44 శాతం ప్లాట్లు. 2020లో కేంద్రం తెచ్చిన చిన్న ఆహార యూనిట్ల పథకంలో 35 శాతం, రూ.10 లక్షల దాకా. కానీ టీ-ప్రైడ్ డబ్బులో ఎక్కువ భాగం కార్లకు, ట్రాక్టర్లకు, జేసీబీలకు పోయింది. మనవాళ్లకు తెలివి లేక కాదు. కారుకు భూమి అక్కర్లేదు, కారే తాకట్టు. ఎక్కేవాడు డ్రైవరు కులం అడగడు. ఫుడ్ యూనిట్‌కు షెడ్డు కావాలి, మిగతా 65 శాతానికి హామీ కావాలి, కొనేవాడు కావాలి. సబ్సిడీ ఈ మూడింటిలో ఏదీ ఇవ్వదు.

మరి దారి లేదా? ఉంది, మన దగ్గరే ఉంది. జహీరాబాద్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు బీడు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి, జొన్నను తమ ఊళ్లోనే నిల్వ చేసి తమవాళ్లకే పంచుకున్నారు. విత్తనం వాళ్ల చేతిలోనే ఉంది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. ముల్కనూర్‌లో 2002 నుంచి ఆడవాళ్లే యజమానులుగా పాల డెయిరీ నడుస్తోంది. పాలు పోసే మనిషే వాటాదారు. అక్కడ కూడా ఒక మెలిక మరవొద్దు. వాటాకు బర్రె కావాలి, బర్రెకు మేత కావాలి, మేతకు భూమి కావాలి. భూమి లేనిదే సహకారం కూడా మన గడప దాకా రాదు.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు.

ఒకటి, పార్కుకు భూమి ఇచ్చిన కుటుంబానికి పరిహారంతోపాటు షేరు. ఇది కొత్త కోరిక కాదు. 2007 జాతీయ పునరావాస విధానమే పునరావాస సొమ్ములో కొంత భాగాన్ని కంపెనీ షేర్లుగా తీసుకునే వీలు ఉండాలని రాసింది. ప్రభుత్వం శంషాబాద్‌లో తనకు తీసుకున్నట్టే మనకూ ఇప్పించాలి.

రెండు, చలిగది, మిల్లు, ప్యాకింగ్ షెడ్డు పార్కులోనే ప్రభుత్వ ఖర్చుతో కట్టి మహిళా సంఘాల చేతికి ఇవ్వాలి. ఎకరాలు రాయితీకి ఇవ్వగలిగినవాళ్లు ఒక చలిగది ఇవ్వలేరా?

మూడు, హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు, బడి భోజనానికి కొనే సరుకులో మన యూనిట్లకు వాటా. కులం అడిగే బజారులో నిలదొక్కుకునేదాకా, కులం అడగకూడదని రాజ్యాంగం కట్టేసిన కొనుగోలుదారు ప్రభుత్వమే.

మీ మండలంలో ఫుడ్ పార్కుకు సర్వే మొదలైందంటే ముందు చూడాల్సింది సర్వే నంబర్లు. అందులో అసైన్డ్ ఎంత, ఎవరి పేర్ల మీద ఉంది, రాసి పెట్టుకోండి. గ్రామసభలో ఆ జాబితా చదవండి. ఆ కాగితమే మన పెట్టుబడికి రసీదు.

వచ్చే భాగంలో తోలు గురించి. మన చేతి పని ఎలా పెద్ద కంపెనీల సరుకైందో చూద్దాం. ఈ భాగం నచ్చితే మీ వాడ గ్రూపులో పెట్టండి. చదవలేని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

జై భీమ్.