లెక్కకందని చూపు: ఉత్తర తెలంగాణలో అల్పదృష్టి - ఒక చారిత్రక పరిశీలన

జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో ఆరంభమైన నాటి నుండి గ్రామీణ నేత్రవైద్య ప్రగతికి శుక్లాల శస్త్రచికిత్సల సంఖ్యే ప్రధాన కొలమానమైంది. చికిత్స తరువాతా చూపు పూర్తిగా తిరిగిరానివారి నిత్యజీవనం ఆ సంఖ్యలో కనిపించదు.

1995 నాటి వికలాంగుల చట్టం ఈ లోటును గుర్తించింది. చికిత్స, కళ్లద్దాల తరువాత కూడా లోపం మిగిలి, తగిన సాధనంతో ఆ చూపును పనికి వినియోగించుకోగల స్థితిని అల్పదృష్టిగా నిర్వచించింది.

1996లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన తొలి గ్రామీణ ద్వితీయ స్థాయి కేంద్రాన్ని నాటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో నెలకొల్పింది. 1996-2000 మధ్య ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం ఆదిలాబాద్ సహా నాలుగు ప్రాంతాలలో 10,293 మందిని పరీక్షించింది. పేదలలో, గ్రామీణులలో అంధత్వం అధికమని తేల్చింది. అయితే అంధత్వాన్ని నిర్ణయించినవి దృష్టితీక్షణత, దృష్టిక్షేత్రాల కొలతలే.

2003లో ఆ సంస్థ పరిశోధకులు బడిపిల్లల కోసం ప్రకటించిన ప్రశ్నావళి మరో మార్గం చూపింది. నల్లబల్లపై రాత, బస్సు నంబరు, రాత్రివేళ ఒంటరిగా ఇల్లు చేరడం అందులో ప్రశ్నలయ్యాయి. నీటికాసుల రోగి పరీక్షాపట్టికలోని అక్షరాలు చదివినా, పక్కనుండి వచ్చే బండిని గమనించలేకపోవచ్చు. రేచీకటి గలవారికి పగటి స్వేచ్ఛ సాయంత్రంతో ముగుస్తుంది.

2018లో ఆరంభమైన కంటి వెలుగు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకూ కళ్లద్దాలు చేర్చింది. అద్దాలతో సరికాని చూపు గలవారు తోడు లేకుండా ఏ పనులు చేసుకోగలుగుతున్నారన్నది కూడా నమోదైనప్పుడే ఈ ప్రాంత నేత్రవైద్య చరిత్ర సమగ్రమవుతుంది.